మెడికల్ కోడింగ్ వేరు, మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ వేరు

ప్రశ్న: మాది పలమనేరు. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ, ఆ తర్వాత రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులేమో అది మెడికల్ కోడింగే, డిగ్రీ ఉంటే చాలంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఎమ్మెస్ చేయిస్తాం, ఇంటి మీద లోన్ తీసుకోండి అంటున్నారు. మా అత్తగారిని మూడు నెలలకోసారి వేలూరు తీసుకెళ్లి చూపించడానికే చేతిలో డబ్బు ఆడడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి. ఏడాది ఆగినా మీ అమ్మాయి నష్టపోయేది ఏమీ లేదు.

బంధువుల మాటలో సగం పొరపాటుంది. డాక్టర్ రాసిన నోట్స్ చదివి, జబ్బుకూ చికిత్సకూ సరైన కోడ్ వేసి ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు పంపడం మెడికల్ కోడింగ్. గౌరవమైన ఉద్యోగమే, దాంతో ఇల్లు నడుపుకుంటున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఇన్ఫర్మాటిక్స్ పని వేరు. రోగి సమాచారాన్ని ఎలా రాయాలి, ఎలా దాచాలి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి అర్థం చెడకుండా ఎలా పంపాలి, ఆ సమాచారం నుంచి డాక్టర్‌కు పనికొచ్చే సంగతి ఎలా తీయాలి అన్నది ఈ శాస్త్రం.

మీకు తెలిసినదాంతోనే చెప్తాను. ఓపీ కౌంటర్ దగ్గర ఒక గంట నిలబడి చూడండి. మునెమ్మ అనే పెద్దావిడ వస్తుంది. పోయినసారి చీటీలో మునియమ్మ, అంతకుముందు పి. మునెమ్మ. వయసు ఒకచోట 58, ఇంకోచోట 63. పుట్టినతేదీ తెలియదు కాబట్టి జనవరి 1 అని వేసేస్తారు. మనిషి ఒక్కతే, కంప్యూటర్‌లో ముగ్గురు. ఒక మునెమ్మకు పెన్సిలిన్ పడదని రాసి ఉంటుంది, మిగతా ఇద్దరికీ ఉండదు. ఈ ముగ్గురూ ఒక్కరేనని కంప్యూటర్‌కు ఎలా తెలియాలి? పొరపాటున వేరే ఊరి మునెమ్మను కూడా కలిపేస్తే ఏమవుతుంది? దీని మీదే ప్రపంచమంతా పీహెచ్‌డీలు చేస్తున్నారు. ఇంగ్లిష్ పేర్లకు పనిచేసే పద్ధతులు మన పేర్ల దగ్గర తడబడతాయి. అందుకే మన ఊరి పిల్లలు ఈ రంగంలోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

మన దేశంలో ఈ పని ఇప్పుడు ఊపందుకుంది. 2021లో రోగుల రికార్డులను డిజిటల్‌గా కలిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు దాని కిందే ఇస్తున్నారు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఫైర్ (FHIR) అనే ప్రమాణం, వైద్య పదాలకు స్నోమెడ్ సీటీ అనే నిఘంటువు వాడుతున్నారు. వీటికి జాతీయ కేంద్రం పుణెలోని సీడాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థలో ఉంది. మీ చిత్తూరు వైపు వాళ్లకు ఇదేం కొత్త కాదు. అరగొండలో 2000 సంవత్సరంలోనే ఉపగ్రహం ద్వారా టెలిమెడిసిన్ మొదలైంది.

ఇక చదువు సంగతి. ఎంటెక్‌కు ప్రవేశ పరీక్ష అయిన గేట్ రాయమనండి. మంచి ర్యాంకుతో ఐఐటీలాంటి చోట ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. డిగ్రీ పేరులో మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అనే మాట లేదని టెన్షన్ పడొద్దు. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, బయోమెడికల్ ఏదైనా సరే, థీసిస్ ఆరోగ్య సమాచారం మీద ఉండి, గైడ్ ఆ పని చేస్తున్నవారైతే చాలు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. లక్నోలోని ఎస్‌జీపీజీఐ అనే వైద్య సంస్థలో టెలిమెడిసిన్, బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌కు ప్రత్యేకంగా ఒక స్కూలే ఉంది. తిరుపతిలో స్విమ్స్ వైద్య సంస్థ, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ అనే సైన్స్ సంస్థ ఉన్నాయి. డాక్టర్లూ కంప్యూటర్ వాళ్లూ ఇంత దగ్గర దగ్గరగా ఉండటం చాలా ఊళ్లకు దక్కని అదృష్టం. ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాయమనండి, కానీ ఒకే ఉత్తరం యాభై మందికి పంపొద్దు. ఒకరి పరిశోధన పేపర్ చదివి, అందులో తనకు వచ్చిన సందేహంతో రాస్తే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్‌కు కూడా దరఖాస్తు పెట్టాలి.

అమెరికా గురించి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పని మాట ఒకటుంది. అక్కడి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కొన్ని యూనివర్సిటీలకు ఇన్ఫర్మాటిక్స్ శిక్షణ గ్రాంట్లు ఇస్తుంది. పేరున్న ఫెలోషిప్పులే, కానీ ఆ డబ్బు అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. మన పిల్లలకు దారి వేరు. పీహెచ్‌డీలో సీటు వస్తే చాలాచోట్ల యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి, అసిస్టెంట్‌షిప్ కింద, అంటే బోధనలోనో పరిశోధనలోనో సాయం చేసినందుకు, ఖర్చులకు ఇస్తుంది. ఎమ్మెస్‌కు మాత్రం ఎక్కువమంది సొంత డబ్బే కట్టాలి. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు పంపడం కంటే, ఇక్కడ ఎంటెక్ చేసి, ఒక పేపర్ రాసి, అక్కడ పీహెచ్‌డీకి ప్రయత్నించడం మీ ఇంటికి మంచిదని నా అభిప్రాయం. జర్మనీ కూడా చూడండి. అక్కడి హైడెల్‌బర్గ్, హైల్‌బ్రాన్ విద్యాసంస్థలు కలిసి 1972లోనే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ కోర్సు పెట్టాయి. అవి ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవాళ్లు సెమిస్టర్‌కు 1500 యూరోలు కట్టాలి. ఇతర రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు, బతుకు ఖర్చు మాత్రం మనదే.

ఈ ఏడాది మీ అమ్మాయి ప్రోగ్రాములు రాసే పైథాన్, డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోవాలి. స్టాటిస్టిక్స్‌ను చాలామంది దాటేస్తారు, తర్వాత అక్కడే ఇరుక్కుంటారు. ప్రాక్టీసుకు మిమిక్ అనే డేటా ఉంది. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూ రికార్డులు, పేర్లు తీసేసి పరిశోధకులకు ఉచితంగా ఇస్తారు. ముందు ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఓపెన్‌ఎమ్ఆర్ఎస్ అనే ఉచిత ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు ఎవరైనా కోడ్ రాయొచ్చు. అక్కడ చేసిన పని అందరికీ కనిపిస్తుంది, సర్టిఫికెట్ కంటే దానికి విలువెక్కువ.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించండి. ప్రాజెక్ట్ కోసమని ఆసుపత్రిలో కేస్ షీట్లు ఫోన్‌లో ఫొటో తీయకూడదు, తెలిసిన నర్సు ఇచ్చినా తీసుకోకూడదు. రోగుల మీద జరిగే పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చేతికి వచ్చాకే డేటా ముట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇది పట్టించుకోక ఆరు నెలల పని మొత్తం పారేసుకున్నాడు.

మీ అత్తగారి వేలూరు కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండే ఉంటాయి. ఆవిడను అడిగి, ఒప్పుకుంటే ఆ కవర్ మీ అమ్మాయి చేతికివ్వండి. ప్రతి రిపోర్టూ తేదీ వారీగా ఒక పట్టికలో ఎక్కించమనండి. షుగర్ ఒక ల్యాబ్‌లో ఒక పేరుతో, ఇంకో ల్యాబ్‌లో ఇంకో పేరుతో ఉంటుంది. మందు ఒకటే, బ్రాండ్లు మూడు. రెండు ఆదివారాలు పడుతుంది. విసుగొచ్చి వదిలేస్తే వేరే దారి చూద్దాం. "వీళ్లంతా ఒకేలా ఎందుకు రాయరు?" అని అడుగుతూ కూర్చుంటే, ఆ పట్టిక తీసుకుని నా దగ్గరికి రమ్మనండి. మొదటి ప్రొఫెసర్‌కు రాయాల్సిన ఉత్తరం దాని మీదే రాద్దాం.