టారో ముక్క యాప్ తీస్తుంది, పేజీ మీరు రాయాలి
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఫోన్‌లో టారో (78 బొమ్మల ముక్కలున్న పేక) యాప్ పెట్టుకుని రోజూ ఒక ముక్క తీస్తున్నామంటూ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు. జోస్యం కోసం కాదు, రోజూ కాసేపు మనసులోకి తొంగిచూసుకోవడానికే అన్నారు అందరూ. ఆ ఉద్దేశాన్ని పట్టుకునే ఇక్కడ మాట్లాడుతున్నాం.

ప్రశ్న: పొద్దున్నే ముక్క తీస్తాను, కింద ఇచ్చిన అర్థం చదువుతాను. ఆ నిమిషానికి నా గురించే రాసినట్టుంటుంది, బడికి వెళ్లేసరికి మరిచిపోతాను. రెండు నెలలైంది, ఏమీ తేలలేదు. సరిగ్గా ఎలా వాడాలి మేడమ్? (ఉపాధ్యాయురాలు, రాయగడ)

జవాబు: మీరు అర్థం ముందు చదువుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. యాప్‌లోని వాక్యాలు ఎవరికైనా అతికేలా రాసినవి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలో 39 మందికి ‘ఇది నీ స్వభావం’ అంటూ తలో కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరి చేతిలోనూ ఉన్నది ఒకటే రాత. మీకు ‘నా గురించే’ అనిపించడం కూడా అలాంటిదే. అతికిన మాట చదివి తలూపితే పని అయిపోయినట్టుంటుంది, అందుకే గంటలో చెరిగిపోతుంది.

వరస మార్చండి. ముందు ప్రశ్న రాసుకోవాలి, ముక్క ఆ తర్వాత. ‘ఈ రోజు ఎలా ఉంటుంది?’ అని అడిగితే చిత్రం దగ్గర జవాబు ఉండదు. ‘ఈ రోజు నేను దేన్ని తప్పించుకు తిరుగుతున్నాను?’, ‘నిన్నటి మాటల్లో ఏది ఇంకా గుచ్చుతోంది?’ అని అడిగితే జవాబు మీ దగ్గరే ఉంటుంది, చిత్రం దాన్ని బయటికి లాగుతుంది. ప్రశ్నలో ‘నేను’ ఉండాలి. ‘అవుతుందా, వస్తుందా’ ఉండకూడదు.

ముక్క తీశాక అర్థం మీట నొక్కకుండా రెండు నిమిషాలు బొమ్మనే చూడండి. మొదట కన్ను ఎక్కడ ఆగింది? మనుషులు ఎటు తిరిగి ఉన్నారు? మీరు ఆ బొమ్మలో ఉంటే ఎక్కడ నిలబడేవారు? మూడు నుంచి అయిదు వాక్యాలు రాయండి. ఉదాహరణకి కప్స్ (గిన్నెల రంగు)లో అయిదో ముక్క: నల్ల ముసుగు కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు గిన్నెల వైపు తలదించి నిలబడి ఉంటాడు. వెనక రెండు గిన్నెలు నిలిచే ఉంటాయి, దూరంగా వంతెన, ఇల్లు. ‘పోయినదాన్ని వదిలి ఉన్నదాన్ని చూడు’ అని యాప్ చెబుతుంది. కానీ మీ కన్ను వంతెన మీద ఆగిందనుకోండి, రాయాల్సింది వంతెన గురించే. ఎవరింటికి వెళ్లడం మానేశారో అక్కడే గుర్తొస్తుంది. ఇదంతా రాశాకే అర్థం తెరవండి. మీ రాతకి విరుద్ధంగా ఉన్న వాక్యం కనిపిస్తే దాన్ని తప్పకుండా ఎత్తి రాసుకోండి. సరిపోయినదానికంటే సరిపడనిదే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

పొద్దున ఏడెనిమిది నిమిషాలు చాలు. రాత్రి రెండు నిమిషాలు: పొద్దున రాసింది ఈ రోజు ఎక్కడైనా ఎదురైందా, ఒక్క వాక్యం. ఆదివారం ఏడు పేజీలూ కలిపి చదవండి. ఒకే పేరు, ఒకే పని, ఒకే సాకు మూడుసార్లు వచ్చిందంటే ‘తేలడం’ అంటే అదే. రెండు నెలల్లో మీకు దొరకనిది ఈ ఆదివారం చదువే. రాత మాత్రం యాప్‌లో కాక కాగితం పుస్తకంలో పెట్టుకోండి. లాగిన్ లేకుండా వాడే యాప్‌ను తీసేసినా, డేటా క్లియర్ చేసినా అందులోని నోట్సు మామూలుగా పోతాయి.

ప్రశ్న: పన్నెండు రోజుల్లో ‘డెత్’ ముక్క రెండుసార్లు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, గుండె గుభేలుమంటోంది. తలకిందులుగా వస్తే ఇంకా చెడ్డదా? (గృహిణి, జయపురం)

జవాబు: భయపడకండమ్మా. అది పెద్దవాళ్ల ఆయుష్షు గురించి చెప్పే ముక్క కాదు, అసలు ఏ ముక్కకీ అది తెలియదు. లెక్క చూడండి. మొత్తం 78 ముక్కలు. రోజూ అన్నిటినీ కొత్తగా కలిపి తీసే యాప్‌లో, వరసగా పదకొండు రోజులు తీస్తే ఏదో ఒక ముక్క రెండోసారి కనబడే అవకాశం సగానికి పైనే. నెలంతా తీస్తే ‘డెత్’ కనీసం ఒక్కసారైనా రావడానికి అవకాశం సుమారు 32 శాతం, అంటే దాదాపు మూడు నెలల్లో ఒక నెల. కప్స్‌లో రెండో ముక్క మళ్లీ వచ్చి ఉంటే మీరు గుర్తుకూడా పెట్టుకునేవారు కాదు, ఉత్తరం రాసేవారూ కాదు.

ఆ బొమ్మనే ఈసారి నిదానంగా చూడండి. తెల్ల గుర్రం మీద నల్ల కవచంతో అస్థిపంజరం, చేతిలో తెల్ల గులాబీ ఉన్న జెండా, వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. దీనికి రాసుకోవాల్సిన ప్రశ్న: ‘ఎప్పుడో అయిపోయినా నేను ఇంకా వదలనిది ఏది?’ పాత అలవాటు కావచ్చు, తీరిపోయిన తగువు కావచ్చు.

తలకిందులు ముక్కల సంగతికొస్తే, సెట్టింగ్స్‌లో ‘రివర్స్డ్’ అని ఉంటుంది, మొదటి మూడు నెలలు ఆపేయండి. అది ఉంటే 78 బొమ్మలకి 156 అర్థాలవుతాయి, కన్ను బొమ్మను వదిలి పుస్తకం వైపు పరిగెడుతుంది.

ప్రశ్న: ఇది పరాయి మంత్రవిద్య అంటున్నారు మా మామగారు. పేక ముక్కలేనని నా వాదన. ఎవరు రైటు? (పర్లాకిమిడి)

జవాబు: చరిత్ర మీ వైపే ఉంది. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన ఆట. నాలుగు రంగుల్లో 14 చొప్పున 56 ముక్కలు, వాటిపై 22 పెద్ద ముక్కలు. కత్తుల రంగు మన ఇస్పేటు స్థానంలో ఉంటుంది. ఇంగ్లీషు ‘స్పేడ్’ అనే మాట కూడా కత్తులనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి వచ్చిందే. ఇది ఈజిప్టు రహస్య గ్రంథమని 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు రాశాకే మంత్రవిద్య పేరు గట్టిగా అంటుకుంది. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవాళ్లే లేరు.

మామగారికి మీ ఊరి గంజపా చూపించండి. గుండ్రటి ముక్కలు, దశావతారాలకు పది రంగులు, రంగుకి రాజు, మంత్రి, పది అంకెలు, మొత్తం 120. దేవుళ్ల బొమ్మలున్నా అది ఆటేనని ఆయనకి తెలుసు. చాలా యాప్‌లు వాడే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. ఎ.ఇ. వెయిట్ రూపకల్పన చేస్తే పామెలా కోల్మన్ స్మిత్ గీశారు. అంతకుముందు చాలా పేకల్లో అంకె ముక్కల మీద ఉత్త గిన్నెలూ కత్తులే ఉండేవి. ఆమె వాటిలోనూ మనుషుల్ని, సంఘటనల్ని గీసింది కాబట్టే ఇవాళ మనం బొమ్మ చూసి రాసుకోగలుగుతున్నాం. కొత్త యాప్ ఎంచుకునేటప్పుడు ఇది చూడండి: అంకె ముక్కల్లో మనుషులు లేకపోతే ఈ పనికి అది నప్పదు.

ప్రశ్న: ఉచిత ట్రయల్ అన్నారు, యాప్ తీసేశాక కూడా డబ్బు కట్ అయింది. పుట్టిన తేదీ, ఫోన్ నంబర్లు కూడా అడిగింది. (డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

జవాబు: యాప్ తీసేస్తే చందా ఆగదు బాబూ. ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో గుర్తు నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’, అందులో ‘సబ్‌స్క్రిప్షన్స్’కి వెళ్లి రద్దు చేయండి. యూపీఐ ద్వారా కట్టి ఉంటే ఆ చెల్లింపు యాప్‌లో ‘ఆటోపే’ తెరిచి అక్కడా చూడండి. ఇకముందు ట్రయల్ గడువుకి రెండు రోజుల ముందే ఈ పని చేయండి. ముక్క తీయడానికి పుట్టిన తేదీ, కాంటాక్ట్స్, లొకేషన్ ఏవీ అక్కర్లేదు. అవి ఇవ్వనిదే తెరుచుకోని యాప్‌ను వదిలేయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తెరిచి చూడండి, అప్పుడూ ముక్క వస్తే కొండ ఊళ్లలో సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. రోజుకో ముక్కకి ఉచితంగా దొరికేదే సరిపోతుంది.

ప్రశ్న: ఉద్యోగం మారాలా వద్దా తేలక ఒకే రోజు పదిహేనుసార్లు తీశాను. మంచిది వచ్చేదాకా ఆపలేకపోతున్నాను. నిద్ర కూడా సరిగ్గా లేదు. (బరంపురం)

జవాబు: పదిహేనుసార్లు తీసినప్పుడు నిజమైన సమాచారం ఒకటే ఉంది: ఏ ముక్క చూసి ‘హమ్మయ్య’ అనుకున్నారో, ఏది చూసి ‘కాదు, మళ్లీ’ అనుకున్నారో. ఆ రెండూ కాగితం మీద రాయండి, మీ కోరిక ఎటుందో కనిపిస్తుంది. ఆ తర్వాత యాప్ మూసి జీతం, అద్దె, ప్రయాణం, ఇంటివాళ్ల అవసరాలు అంకెలతో వేసుకోండి. ఆ లెక్క ముక్కలతో తేలదు.

ఒక నెల యాప్ ముట్టకండి. తర్వాత తిరిగి మొదలుపెడితే రోజుకి ఒక్కసారే తీయనిచ్చే యాప్ పెట్టుకోండి, నోటిఫికేషన్లు ఆపేయండి. డబ్బు, జబ్బు, కోర్టు, పెళ్లి సంబంధం, వీటి నిర్ణయాలకి ముక్క తీయొద్దు. నిద్రలేమి రెండు వారాలు దాటినా, ఆత్రం పని చేసుకోనివ్వకపోయినా అంతకంటే ఆగకుండా డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదట్లోనే తెలుగు కావాలని చెప్పండి.