వైర్‌లెస్ ప్రాజెక్టు చేస్తే సాఫ్ట్‌వేర్‌కు దూరమవుతానా?

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. షేర్డ్ స్పెక్ట్రమ్‌లో (పలువురు కలిసి వాడుకునే రేడియో తరంగాల్లో) ఇంటర్‌ఫియరెన్స్ (ఒకరి సిగ్నల్ మరొకరికి అడ్డురావడం) తగ్గించడంపై ప్రాజెక్టు చేయాలనుంది. నాన్నగారేమో పైథాన్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: ప్రాజెక్టు చేయండి, పైథానూ నేర్చుకోండి. ఈ పనికి అది ఎలాగూ కావాలి.

మీ హాస్టల్‌నే తీసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే చేరతాయి. అందులో ఒకదానికొకటి అడ్డురాని వైఫై ఛానెళ్లుగా అందరూ వాడేవి మూడే: 1, 6, 11. ఆ మూడూ నిండిపోయాయని ఎవరో తెలివిగా రౌటర్‌ని 3లో పెడతారు. అక్కడే వస్తుంది చిక్కు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా పంపుకుంటాయి. 3లో ఉన్నదాని మాట మాత్రం 1కీ, 6కీ సరిగా అర్థం కాదు. వాటికది ఉత్త రొద. చాలాసార్లు 11లో నలుగురితో సర్దుకుపోవడమే నయం.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో ఏ అంతస్తులో ఏ ఛానెల్ ఉందో రాసుకోండి. వార్డెన్‌ని అడిగి ఛానెళ్లు మార్పించి, రాత్రి రద్దీ వేళ స్పీడు, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) ముందూ తర్వాతా కొలవండి. గ్రాఫులు పైథాన్‌లో గీయండి. అదే అమరికను నెట్‌వర్క్‌లను కంప్యూటర్‌లోనే నడిపి చూపే ఎన్‌ఎస్-3 సిమ్యులేటర్‌లో పెట్టి చూడండి, అది ఉచితమే. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు మాత్రం కొనకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇదే సమస్య పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో చూడాలంటే ఒకే బ్యాండ్‌ను పలువురు పంచుకునే అమెరికా విధానం సీబీఆర్‌ఎస్ గురించి చదవండి. 3.55 నుంచి 3.7 గిగాహెర్ట్జ్ వరకు మొదటి హక్కు నౌకాదళ రాడార్లది. తర్వాత వేలంలో లైసెన్సు కొన్నవాళ్లది, మిగిలింది అందరిదీ. ఎవరు ఏ ఛానెల్‌లో, ఎంత పవర్‌తో పంపాలో ఎస్‌ఏఎస్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ నిర్ణయిస్తుంది. నాన్నగారికి ఈ ముక్క తప్పక చెప్పండి.

ఇక ఉద్యోగాలు. క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీలు హైదరాబాద్‌లో ఉన్నాయి. రౌటర్ తయారీదారులకూ, టెలికాం సంస్థలకూ వైర్‌లెస్ టెస్టింగ్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తెలిసినవాళ్లు కావాలి. వీటికి సి, లినక్స్ తప్పనిసరి. అయితే మామూలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువే, అందుకే కోడింగ్ ప్రాక్టీసు ఆపొద్దు. ఆసక్తి నిలిస్తే గేట్ రాసి ఐఐటీల్లో ఎంటెక్‌కు ప్రయత్నించండి. దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ (5జీ పరికరాలను పరీక్షించే వేదిక)లో పాలుపంచుకున్న ఐఐటీ హైదరాబాద్ మనకు దగ్గరే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రీసెర్చ్ ఎంఎస్‌కు ప్రవేశ పరీక్ష వేరు. దానికి ఈ హాస్టల్ కొలతలే ఇంటర్వ్యూలో మీకు పనికొస్తాయి.