కోడిపిల్ల కాళ్లు జారిపోతుంటే

ప్రశ్న: మా నాటుకోడి పొదిగిన గుడ్లలో నిన్న తొమ్మిది పిల్లలు బయటికి వచ్చాయి. గంప కింద పాత వార్తాపత్రిక పరిచాము. ఒక పిల్లకు కాళ్లు చెరోవైపుకు జారిపోతున్నాయి; పైగా కుడికాలి వేళ్లు పిడికిలిలా ముడుచుకున్నాయి. బాగవుతుందా?
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: పుట్టిన 1, 2 రోజుల్లోనే పూనుకున్నారు కనుక బాగయ్యే అవకాశం ఎక్కువ, ఎముకలు ఇంకా లేతగానే ఉంటాయి. ముందుగా ఆ కాగితం తీసివేయండి. నున్నటి కాగితం మీద పట్టు దొరకకనే చాలా పిల్లలకు కాళ్లు ఎడమవుతాయి. గరుకైన పాత తువ్వాలు పరచండి. గోనెపట్టా అయితే ఊడిన పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి.

పాత పెళ్లిపత్రిక అట్టను పాదమంత ముక్కగా కత్తిరించి, ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా దానిపై చాపి, మందుల దుకాణంలో దొరికే కాగితపు టేపుతో అంటించండి. తరువాత అదే టేపుతో రెండు కాళ్లను, పిల్ల మామూలుగా నిలబడేటప్పుడు ఉండే ఎడం వదిలి, సంకెలలాగా కలపండి. బిగిస్తే పాదం వాస్తుంది కనుక రోజూ విప్పి చూడాలి. సాధారణంగా 2, 3 రోజులు చాలు. అంతవరకు మిగతా పిల్లలు తొక్కకుండా, పొడవకుండా చూస్తూ, వెచ్చగా ఉంచి, నీళ్లు లోతులేని మూతలో పెట్టండి.

వేళ్లు ముడుచుకోవడానికి బి2 విటమిన్ లోపమూ ఒక కారణమే. తల్లికోడికి నూకలు మాత్రమే వేస్తుంటే ఆకుకూరలూ తగిన దాణా కూడా పెట్టండి. పిల్లకు బి-కాంప్లెక్సు మోతాదును పశువైద్యుని అడగండి. మడమ కీలు వాచి, కాలు పక్కకు తిరిగిపోయి ఉంటే మాత్రం అది స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) జారిన బాధ; దానికి ఈ కట్టు పనిచేయదు.