గదిలో ఎవరుంటారన్నది తర్వాత, ముందు పాప ఏం చదువుతుందో తేల్చుకోండి

ప్రశ్న: మాది గుంతకల్లు, రైల్వేలో ఉద్యోగం. మా పాప సీబీఎస్‌ఈలో పదో తరగతి పూర్తిచేసింది. పుణె దగ్గర ఒక ఇంటర్నేషనల్ బోర్డింగ్ స్కూల్లో స్కాలర్‌షిప్‌తో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల డిప్లొమా) సీటు వచ్చింది. గదిలో వేరే దేశాల పిల్లలుంటారట. వాళ్లమ్మ వద్దంటోంది. బంధువులు కర్నూలులో ఇంటర్ చేర్చమంటున్నారు. పంపమంటారా?

జవాబు: రూమ్‌మేట్ల గురించి టెన్షన్ తర్వాత పడదాం. పాపకు డాక్టర్ కావాలని ఉందా? ఉంటే ఆగండి. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు. రెండు భాషలు, హిస్టరీ లేదా ఎకనామిక్స్ లాంటిదొకటి, ఒక సైన్సు, లెక్కలు. ఆరోది ఆర్ట్స్, వద్దనుకుంటే ఇంకో సైన్సు. మామూలుగా రెండు సైన్సులకే చోటు. నీట్ రాయాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదవాలి. ప్రత్యేక అనుమతితో మూడూ తీసుకునే దారి ఉంది కానీ, దాన్ని నమ్ముకుని పంపడం నాకిష్టం లేదు.

ఇంజినీరింగ్ అయితే సబ్జెక్టుల చిక్కు లేదు, లోకల్ చిక్కుంది. ఈఏపీసెట్‌లో (మన రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) లోకల్ కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుండాలి. మహారాష్ట్రకు వెళ్తే ఆ వరస తెగుతుంది. 85 శాతం లోకల్ సీట్లు చేజారి, మిగతా 15 శాతం సీట్లకే పోటీ పడాలి. ఫీజు కట్టేదాకా ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎకనామిక్స్, డిజైన్, లా, విదేశీ చదువు లాంటివి మనసులో ఉంటే మాత్రం నిక్షేపంగా పంపండి.

ఇక అక్కడి బతుకు. ఇంగ్లిష్ రాదని పిల్లలు బెదరరు, క్లాసులో నోరు తెరవడానికి బెదురుతారు. టీచర్ చెప్పింది రాసుకుని బట్టీ కొడితే అక్కడ మార్కులు రావు. ‘నాకలా అనిపించడం లేదు’ అని టీచర్‌తోనే అనగలగాలి. 4000 పదాల పరిశోధన వ్యాసం సొంతంగా రాయాలి. నెట్‌లోంచి ఎత్తి రాస్తే డిప్లొమాకే ఎసరు.

డైనింగ్ హాల్లో మొదటి నెల మన పిల్లలంతా ఒకే బల్ల దగ్గర చేరతారు. తప్పేం లేదు, కొత్తలో ధైర్యం కావాలి కదా. ఏడాదంతా ఆ బల్ల వదలకపోతే మాత్రం అంతదూరం పంపి లాభం లేదు. పక్క ప్లేటులో మనం తినని మాంసం ఉండొచ్చు. తినక్కర్లేదు, ముఖం చిట్లించకపోతే చాలు. రంజాన్ నెలలో రూమ్‌మేట్ తెల్లవారకముందే లేవొచ్చు. లైటు, నిద్ర, ఫోన్ మాటలు, గదికి వచ్చే స్నేహితులు... వీటిపై మొదటి వారంలోనే మాట్లాడుకుంటే సగం గొడవలు రావు.

మీ ఇంట్లోంచి చెనక్కాయల పొడి ఎలాగూ వెళ్తుందనుకోండి. అనంతపురం వాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ, కొందరు పిల్లలకు వేరుశనగ అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. హాస్టల్ చూసుకునేవాళ్లను అడిగాకే డబ్బా మూత తీయమనండి.

వాళ్లమ్మకు ఒక మాట. రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ‘తిన్నావా’ అని అడిగితే పాప మనసు ఇక్కడే ఉంటుంది. వారానికి రెండు రోజులు, ఒక వేళ పెట్టుకోండి. గుంతకల్లు నుంచి పుణెకు నేరుగా రైళ్లున్నాయి, మీకు నేను చెప్పాలా!

స్కాలర్‌షిప్ లెటర్ మళ్లీ చదవండి. రెండేళ్లకూ ఇస్తారా, మొదటి ఏడాదికేనా? పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్, ఆరోగ్య బీమా, సెలవుల ప్రయాణం అందులో ఉన్నాయా? స్కూల్‌కు మెయిల్ పెట్టి, జవాబు రాతలో వచ్చాకే ఇక్కడి ఇంటర్ సీటు వదులుకోండి.