జెల్ ఇంజెక్షన్‌కి వెళ్ళే ముందు

అమ్మాయ్,

నిన్న ఫోన్‌లో "మళ్ళీ పొట్ట కోస్తారా పెదనాన్నా?" అన్నావే, ఆ మాటకే ఈ ఉత్తరం. నీ మార్పిడి కిడ్నీలోకి మూత్రం వెనక్కి పోకుండా ఆపడానికి కోత లేకుండా చేసే పద్ధతి ఉంది, అదే జెల్ ఇంజెక్షన్. నాకు రెండుసార్లు చేశారు.

ముందు అసలు చేయించుకోవాలా అన్నది తేల్చుకో. మార్పిడి చేసిన కిడ్నీలోకి మూత్రం కాస్త వెనక్కి పోయినా ఏ ఇబ్బందీ లేకపోతే చాలామందికి ఊరికే గమనిస్తారు, అంతే. నీకలా కాదు, ఏడాదిలో మూడుసార్లు జ్వరంతో ఇన్ఫెక్షన్ వచ్చింది. అయినా ఒకటి అడుగు, మూత్రానికి వెళ్ళొచ్చాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూశారా అని. ఏళ్ళపాటు డయాలసిస్‌లో ఉండి మూత్రం రాక మూత్రాశయం ముడుచుకుపోయిన వాళ్ళుంటారు. లోపలి ఒత్తిడి సంగతి చూడకుండా జెల్ పెడితే ఫలితం నిలవడం కష్టం.

ఎంసీయూ పరీక్షకి, అంటే మూత్రం పోస్తుండగా తీసే ఎక్స్‌రేకి, భయపడకు. అందులో ఎక్స్‌రేలో కనబడే మందు మూత్రాశయంలోకి పోస్తారు, రక్తంలోకి ఎక్కించరు. నిజానికి నాకు ఇంజెక్షన్ కన్నా అదే ఇబ్బంది. మిషన్ ముందు, ఎవరెవరో చూస్తుండగా మూత్రం పొయ్యమంటే వస్తుందా చెప్పు!

ఇంజెక్షన్ సంగతికొస్తే, మత్తిచ్చి మూత్రద్వారం గుండా సిస్టోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం పంపుతారు. కొత్త కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం మూత్రాశయంలో తెరుచుకునే చోట, లోపలి పొర కింద జెల్ ఎక్కిస్తారు. అక్కడ చిన్న బుడిపె లేచి నోరు బిగుస్తుంది. 1984లో పిల్లల కోసం టెఫ్లాన్ పేస్టుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువగా వాడేది డెక్స్ట్రానోమర్, హైలురానిక్ యాసిడ్ కలిపిన జెల్. పిల్లల్లో కుదిరినంత బాగా మనకు కుదరదు. సొంత నాళాలు మూత్రాశయం అడుగున తెరుచుకుంటాయి, మార్పిడి కిడ్నీ నాళాన్ని మామూలుగా పైభాగాన కుడతారు. అక్కడికి సూది సరైన కోణంలో అందడమే కష్టం. అందుకే "మార్పిడి కిడ్నీలకు మీరు చేశారా?" అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడుగు. నాకు మొదటిసారి నిలవలేదు, రెండోసారి నిలిచింది. అదీ కాకపోతే ఆపరేషనే.

యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష, శుభ్రంగా వచ్చాకే తేదీ పెట్టించుకో. చేశాక ఒకట్రెండు రోజులు మంట, కాస్త ఎర్రగా రావడం మామూలే. అసలు జాగ్రత్త ఆ తర్వాత. బుడిపె మరీ బిగుసుకుంటే దారే మూసుకుపోవచ్చు. మార్పిడిలో నరాలు తెగిపోతాయి కాబట్టి, అడ్డుపడినా రాయి నొప్పిలాంటిది నీకు తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని కూర్చోకు. మూత్రం తగ్గినా, బరువు పెరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ ఎప్పుడు చేయించాలో ఇంటికి పంపేముందే రాయించుకో.

జ్వరం విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని నువ్వు చేయకు. పారాసెటమాల్ వేసుకుని రెండు రోజులు చూశాను, మూడోరోజు ఐసీయూలో తేలాను. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి కొద్దిపాటి వేడి కూడా పెద్ద సంగతే. ఇంకోటి, ఎవరు ఏ యాంటీబయోటిక్ రాసినా కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ వాడుతున్నానని చెప్పు. క్లారిత్రోమైసిన్ లాంటివి దాని మోతాదును రక్తంలో బాగా పెంచేస్తాయి. ఒళ్ళునొప్పులకని ఐబుప్రోఫెన్ జోలికి పోకు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు. పాత రిపోర్టులు వరసలో పెట్టడానికి ముందురోజే వస్తాను.

పెదనాన్న