టాన్సిల్స్ తీయించేస్తే పిల్లలకి ఇమ్యూనిటీ పోతుందా?

మీ పాపకి ఆరేళ్ళు, రాత్రంతా గురక, డాక్టర్ టాన్సిల్స్, అడినాయిడ్స్ రెండూ తీసేద్దాం అన్నారు, మీ అత్తగారేమో అవి తీస్తే రోగాలన్నీ చుట్టుకుంటాయి అంటున్నారు, అదే కదండీ మీ డౌట్. పోదు. కానీ పెద్దావిడ మాట కూడా ఊరికే కొట్టిపారేసేది కాదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా.

మా వాడికి పోయినేడాదే చేయించాం. వాడు నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చేసి పడుకునేవాడు, గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడే ఉండేది కాదు, మనకి గుండె ఆగిపోతుంది అనుకోండి, తర్వాత ఉలిక్కిపడి ఒక్కసారిగా ఊపిరి లాగేవాడు. ఈఎన్‌టీ డాక్టర్ పక్క నుంచి ఎక్స్‌రే తీయించి చూపించారు. ముక్కు వెనకాల గాలి వెళ్ళే దారి నల్లగా వెడల్పుగా కనపడాలట, మా వాడికి అక్కడ బూడిదరంగు ముద్ద, అవే అడినాయిడ్స్, అడ్డం పడి సన్నటి నల్లగీత మాత్రమే మిగిలింది.

నేనూ ఇదే ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తా. నోరు తెరిస్తే కనపడే ఆ రెండు టాన్సిల్సే కాదు, ముక్కు వెనకాల అడినాయిడ్స్, నాలుక మొదట్లో ఇంకొన్ని, చెవి గొట్టం తెరుచుకునే చోట ఇంకాస్త, ఇదంతా కలిపి గొంతు చుట్టూ క్రిములకి కాపలా కాసే ఒక రింగు. 1884లో దాన్ని వర్ణించిన జర్మన్ డాక్టర్ పేరు మీద వాల్డయర్ రింగ్ అంటారు. రెండు మూడు తీసినా మిగతావి అక్కడే ఉంటాయి.

ఇమ్యూనిటీ అసలు సరుకు ఎక్కువగా పేగుల్లో ఉందండి. చిన్నపేగు చివరి భాగంలో పేయర్స్ ప్యాచెస్ అని లింఫ్ కణాల (రోగాలతో పోరాడే తెల్లకణాలు) గుంపులు ఉంటాయి, స్విట్జర్లాండ్‌కి చెందిన పేయర్ 1677లోనే వీటి గురించి రాశాడు, అవి ఏం పని చేస్తాయో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. వాటి పైపొరలో ఎం సెల్స్ అని ఉంటాయి, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు ఇవి పేగులో పోయే బ్యాక్టీరియానీ వైరస్‌నీ కాస్త కాస్త లోపలికి లాగి కింద ఉన్న కణాలకి చూపిస్తాయి. అవి చూసి వాటిలోని బీ సెల్స్ అనే కణాలు ఐజీఏ అనే యాంటీబాడీ, అంటే క్రిముల్ని పట్టుకునే ప్రోటీన్, తయారు చేయడం నేర్చుకుంటాయి, పెద్దవాళ్ళలో రోజుకి 3 గ్రాముల పైనే తయారవుతుంది. ఇది రక్తంలో తిరిగేదానికంటే జిగురు పొర మీద ఉండి క్రిమిని అతుక్కోనివ్వకుండా ఆపే రకం, అదీ పెద్దగా వాపు రానివ్వకుండా. ఇంకో విషయం, పేగులో నేర్చుకున్న ఆ కణాలు అక్కడే కూర్చోవు, బాలింతల్లో రొమ్ముకి కూడా వెళ్తాయి, ముర్రుపాలలో అంత ఐజీఏ ఉండేది అందుకే. పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, నాకు భలే ఒళ్ళు మండుతుంది.

టైఫాయిడ్ క్రిమి మాత్రం గడుసుది, ఈ ఎం సెల్స్ తలుపునే వాడుకుని లోపలికి దూరుతుంది, మందులు సరిగ్గా పడకపోతే మూడో వారంలో పేగుకి చిల్లు పడేది కూడా ఈ ప్యాచెస్ దగ్గరే.

ఇక మీ అత్తగారి మాట. 1971లో అమెరికాలో ఒగ్రా అనే డాక్టర్ చూస్తే, టాన్సిల్స్ తీసిన పిల్లల్లో ముక్కు వెనకాల ఉండే, పోలియోని అడ్డుకునే ఐజీఏ బాగా పడిపోయింది. అంటే ఆ చోటులో కొంత తగ్గుతుంది, నిజమే. 2018లో డెన్మార్క్‌లో దాదాపు 12 లక్షల మంది పిల్లల రికార్డులు చూసి, చిన్నప్పుడు తీయించుకున్నవాళ్ళకి తర్వాత్తర్వాత శ్వాస జబ్బులు ఎక్కువ అన్నారు, కాకపోతే అది రికార్డులు చూసి చెప్పింది, ఆపరేషన్ వల్లే వచ్చాయని అందులో తేలదు. రక్తంలో యాంటీబాడీలు కొంచెం తగ్గినా మామూలు లెవెల్‌లోనే ఉంటాయి. పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు నోట్లో వేసేది కూడా పేగుల్లో ఉన్న ఈ ఏర్పాటుకి నేర్పించడానికే, టాన్సిల్స్ లేకపోయినా అవి పనిచేస్తాయి.

నా ఉద్దేశం ఏంటంటే, నిద్రలో ఊపిరి ఆగుతుంటే ఇమ్యూనిటీ లెక్కలు వేసుకుంటూ ఆలస్యం చేయొద్దు, పిల్లలు సరిగ్గా ఎదగరు, స్కూల్లో నిద్రపోతారు. అదే ఊరికే గొంతునొప్పులకైతే తొందర పడొద్దు, ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏడాదికి 5 సార్లు, లేదా మూడేళ్ళు 3 సార్లు అని డాక్టర్లకి ఒక లెక్క ఉంది, అంత లేకపోతే ఆగి చూడొచ్చా అని అడగండి. అడినాయిడ్స్ ఎలాగూ పెద్దయ్యే కొద్దీ కుంచించుకుపోతాయి.

ఆపరేషన్ అయ్యాక గొంతులో తెల్లగా పొర కడుతుంది, నోరు వాసన వస్తుంది, చెవి నొప్పి అని ఏడుస్తుంది, మా ఆవిడ చీము పట్టిందని హడలిపోయింది కానీ అది మానుతున్న గుర్తే. నీళ్ళు మాత్రం బాగా తాగించండి. వారం తర్వాత ఆ పొర ఊడేటప్పుడు ఒక్కోసారి రక్తం వస్తుంది, ఎర్రగా ఉమ్మితే ఎవరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోండి.