డాబా మీద గది, ఏసీ లేదు: వాటర్ కూలింగ్‌కి ఏ రేడియేటర్, ఏ ట్యూబ్?

మీరు అడిగింది ఇది: రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకే లూప్‌లో (పంపుతో నీళ్లు తిరిగే వలయంలో) పెడుతున్నారు. 60 మి.మీ. మందం ఉన్న 360 రేడియేటర్ (120 మి.మీ. ఫ్యాన్లు మూడు పట్టేది) ఒకటి సరిపోతుందా, పల్చటివి రెండు కావాలా? ట్యూబ్ మెత్తటిదా, గట్టిదా? గది విజయవాడలో, డాబా మీద, ఏసీ లేకుండా. నా మాట: 30 మి.మీ. మందం ఉన్న 360లు రెండు పెట్టండి, ట్యూబ్ నల్లటి ఈపీడీఎం రబ్బరుది 10/16 సైజులో (లోపల 10, బయట 16 మి.మీ.) తీసుకోండి.

రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లను గది కంటే చల్లగా చెయ్యలేదు. మీరు చూసే రివ్యూల్లో చాలావాటిలో గది 20, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో మీ డాబా గది రాత్రి తొమ్మిదింటికి కూడా 36, 38 దగ్గర ఉంటుంది. కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మోస్తరు వేగంతో తిరిగే ఫ్యాన్లతో, 120 మి.మీ. ఫ్యాన్ ఒక్కో దానికి సుమారు 100 వాట్ల వేడి పోతే నీళ్లు గది కంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉంటాయన్నది ఈ పని చేసేవాళ్లు వాడే ముతక లెక్క. 4080 పూర్తి లోడ్‌లో 320 వాట్లు, గేమ్ ఆడేటప్పుడు మీ ప్రాసెసర్ ఇంకో 80 అనుకోండి. మొత్తం 400. ఒక్క 360 మీద పడితే నీళ్లు గది కంటే 13 డిగ్రీలు పైకి పోతాయి, అంటే 51. రెండు పెడితే 7 డిగ్రీలు, అంటే 45. డీ5 లాంటి పంపులకూ పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలకూ సాధారణంగా చెప్పే హద్దు 60 డిగ్రీలు. వేసవికి ఆ మాత్రం జాగా వదిలిపెట్టి తీరాలి.

మందం పెంచితే ఆ తేడా పూడదా అంటే, పూడదు. 60 మి.మీ. రేడియేటర్ లోపలికి గాలి తోయాలంటే ఫ్యాన్ గట్టిగా తిరగాలి, గట్టిగా తిరిగితే చప్పుడు. నా పీసీ హైదరాబాద్‌లో, 13700కె ప్రాసెసర్, 3080 కార్డుతో రాత్రంతా బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేస్తూ ఉంటుంది. పక్కనే పడుకుంటాం కాబట్టి నాకు చప్పుడు ముఖ్యం. రెండో 360 చేర్చాక ఫ్యాన్లు వెయ్యి ఆర్‌పీఎం దగ్గరే తిరుగుతున్నాయి, పిల్లలు లేవడం లేదు. ఫిన్లు (గాలి దూరే సన్నటి రేకులు) మరీ దగ్గరగా ఉన్న రేడియేటర్ కూడా వద్దు. అంగుళానికి 20 పైన ఫిన్లుంటే నెమ్మది ఫ్యాన్‌కి గాలి దూరదు, పైగా మన దుమ్ముకి త్వరగా పూడుకుపోతుంది. 10 నుంచి 16 మధ్య చూడండి. ఫిల్టర్ పెట్టి, వీలైతే రెండు రేడియేటర్లకూ బయటి గాలే లోపలికి లాగేలా ఫ్యాన్లు తిప్పండి, వెనక ఒక ఫ్యాన్ వేడి బయటికి పంపుతుంది. అలా మార్చాక నా దాంట్లో నీళ్లు రెండు మూడు డిగ్రీలు దిగాయి.

కొనేటప్పుడు రెండు విషయాలు గట్టిగా చూసుకోండి. రేడియేటర్ రాగి, ఇత్తడితో చేసిందై ఉండాలి. రాగి వాటర్ బ్లాక్ (చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లకి ఇచ్చే దిమ్మ) ఉన్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలిపితే తుప్పు తప్పదు, పాత ఏఐఓ (అన్నీ బిగించి అమ్మే రెడీమేడ్ కూలర్) నుంచి తీసినవి చాలావరకు అల్యూమినియమే. రెండోది స్క్రూలు. 25 మి.మీ. ఫ్యాన్‌కి 30 మి.మీ. స్క్రూ సరిపోతుంది. పొరపాటున 35ది బిగిస్తే మొన నేరుగా నీళ్లు పారే గొట్టానికే తగులుతుంది, అక్కడితో రేడియేటర్ పోయినట్టే. బిగించే ముందు స్క్రూని రంధ్రం పక్కన ఆనించి ఎంత దిగుతుందో చూడండి.

కొత్త రేడియేటర్‌ని కడగకుండా ఎక్కించొద్దు. సగం వరకు వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండు వైపులా మూతలు బిగించి, బాగా కుదిపి తెల్లటి గిన్నెలోకి వంచండి. నల్లటి నలకలు, టంకం ఫ్లక్స్ ముక్కలు కనబడతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా అలా చేస్తూనే ఉండాలి.

ఇక ట్యూబ్. పారదర్శకంగా ఉండే మెత్తటి పీవీసీ చూడ్డానికి బాగుంటుంది, కానీ దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ వేడికి నీళ్లలోకి దిగుతుంది. ఒక స్నేహితుడి సీపీయూ బ్లాక్ ఇద్దరం కలిసి విప్పాం. వెంట్రుక సన్నం గాడుల నిండా తెల్లటి జిగురు, పళ్ల బ్రష్‌తో తోమితే పేస్టులా పొరలు పొరలుగా ఊడింది. మన వేడికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. హార్డ్‌వేర్ షాపులో మేస్త్రీలు కొనే లెవెల్ పైప్ చవకని దాన్ని అసలు తెచ్చుకోకండి. ఈపీడీఎంలో ఆ బాధ లేదు. 10/16లో గోడ మందం కాబట్టి వంపు దగ్గర మడత పడదు. ఫిట్టింగులు కూడా కచ్చితంగా 10/16వే కొనండి, 10/13వి ఈ ట్యూబ్‌కి పట్టవు.

గట్టి ట్యూబే కావాలంటే పీఈటీజీ వంచడం తేలిక, అక్రిలిక్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది కానీ కోసేటప్పుడు పగులుతుంది. మీ ఎండకి నేనైతే అక్రిలికే అంటాను. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే అరంగుళం రాగి పైపు 12.7 మి.మీ. ఉంటుంది, 12 మి.మీ. ఫిట్టింగ్‌కి సరిపోదు.

ఆర్డర్ పెట్టే ముందు కేబినెట్‌ని స్కేలుతో కొలవండి. 360 అని పేరే గానీ చివర ట్యాంకులతో కలిపి చాలావాటి పొడవు 390 నుంచి 400 మి.మీ. దాకా ఉంటుంది. ఒక రేడియేటర్ పైన పెట్టాలంటే మదర్‌బోర్డు హీట్‌సింక్, ర్యామ్ తగలకుండా 55 మి.మీ. (రేడియేటర్ 30, ఫ్యాన్ 25) ఖాళీ కావాలి, రెండోది పెట్టే ముందు వైపు గ్రాఫిక్స్ కార్డు చివరికీ ఫ్యాన్‌కీ మధ్య కూడా చూసుకోండి. ఆ కొలతలు ఇక్కడ పెడితే పంపు ఎక్కడ, డ్రెయిన్ వాల్వ్ ఎక్కడ పెట్టాలో చెబుతాను. పైన చోటు లేకపోతే ముందు 360, కింద 240 సర్దుతుందేమో కూడా చూద్దాం.